ప్రమాణం

తెలుగువారి వాడుకలో 'ప్రమాణం' అనే మాటకు మూడు అర్థాలు ఉన్నవి. దేవుని ముందర దీపం ఆర్పి చేసే ఒట్టు ప్రమాణం. తర్కశాస్త్రంలో సత్యాన్ని నిశ్చయించుకొనే సాధనం ప్రమాణం. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నైయాయికులు నాలుగు ప్రమాణాలు చెప్పినారు. ఇక భౌతికశాస్త్ర వాచకంలో పొడవును, ద్రవ్యరాశిని, కాలాన్ని కొలవడానికి అందరూ ఒప్పుకొన్న నియతమైన పరిమితి ప్రమాణం. మీటరు, కిలోగ్రాము, సెకను వంటివి. ఒట్టుకూ, సాక్ష్యానికీ, కొలతకూ ఒకే మాట కుదరడం కాకతాళీయం అని కొట్టివేయడానికి వీలులేదు. సంస్కృతంలో 'మా' అనే ధాతువుకు కొలుచుట అని అర్థం. మానం, పరిమాణం, ఉపమానం, అనుమానం, ప్రమాణం — ఇవన్నీ ఆ ఒక్క ధాతువు సంతానమే.

తెలుగు పాఠం చెప్పుకొనేవారికి మీటర్లతోను, కిలోగ్రాములతోను ఏమి పని అని సైన్సు ఉపాధ్యాయ మిత్రులు అడగవచ్చును. పని ఉన్నది. భౌతికశాస్త్ర పుస్తకంలో మొట్టమొదటి అధ్యాయం రాశులు, ప్రమాణాలు అనేది. చాలా పాఠశాలలలో దానికి దక్కేది ఒక వారం. పట్టిక నల్లబల్ల మీద వ్రాస్తారు, పిల్లలు కంఠస్థం చేస్తారు, తరువాత గతిసూత్రాలకు వెళ్ళిపోతారు. ఆ పట్టికలో ఉన్న ప్రతి మాట వెనుక ఒకనాటి తగవు, ఆ తగవు తీర్చుకోవడానికి మనుష్యులు చేసుకొన్న ఒడంబడిక ఉన్నవని విద్యార్థికి తెలియదు. ప్రమాణం మొదట ఒక మాట ఇవ్వడం. సంఖ్య ఆ తరువాత వచ్చేది. ఈ సంగతి చెప్పడానికి తెలుగు భాషకు మించిన సాధనం లేదని నా నమ్మకం.

'ఎడు' అనే ప్రత్యయం

భౌతికశాస్త్రం చెప్పే మొదటి సూత్రం ఇది: ఏ కొలతకైనా రెండు భాగాలు ఉంటవి. ఒకటి సంఖ్య, రెండవది ప్రమాణం. 'ఐదు' అంటే ఏమీ చెప్పినట్లు కాదు. 'ఐదు మీటర్లు' అంటే చెప్పినట్లు. మన భాష ఈ సూత్రాన్ని వ్యాకరణంలోనే ఇముడ్చుకొన్నది. జాన ఒక ప్రమాణం. జానెడు అంటే ఆ ప్రమాణంతో ఒకసారి కొలిచినంత. మూర, మూరెడు, బార, బారెడు, సోల, సోలెడు, మానిక, మానెడు, కుంచం, కుంచెడు, తూము, తూమెడు, పుట్టి, పుట్టెడు. సాధనం పేరును పరిమాణం పేరుగా మార్చే ఈ 'ఎడు' అనే చిన్న ప్రత్యయం వేసేసరికి ఒకటి అనే సంఖ్య, దాని ప్రమాణం రెండూ ఒకే మాటలో కలిసి వస్తవి. ప్రమాణం లేకుండా ఈ ప్రత్యయాన్ని వాడనే లేము. లెక్కకు జవాబుగా ఒట్టి అంకె వ్రాసి వచ్చే విద్యార్థికి, 'నీ మాతృభాష కూడా దీనిని ఒప్పుకోదు నాయనా' అని చెప్పవచ్చును.

అయితే ఇదే ప్రత్యయం మరొక చోట కూడా చేరుతుంది. గంపెడు ఆశ అంటాము, బండెడు చాకిరి అంటాము, చారెడు కళ్ళు అంటాము. గంపకు నియతమైన పరిమాణం లేదు. ఎవరి గంప వారిది, ఎవరి పిడికిలి వారిది. కుంచం అట్లా కాదు. అది ఊరంతా ఒప్పుకొన్నది. గంపెడుకూ కుంచెడుకూ వ్యాకరణంలో భేదం లేకపోయినా భౌతికశాస్త్రంలో ఉన్నది. ఊరు ఒప్పుకొన్నది ప్రమాణం. ఒప్పుకోనిది ఒక అంచనా మాత్రమే.

పాత కొలతల వరుస

మన పూర్వులు ధాన్యం కొలిచిన వరుసను నేటి విద్యార్థులు వినియే ఉండరు. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. నాలుగు కుంచాలు ఒక తూము. ఇరవై తూములు ఒక పుట్టి. ఇందులో ఒక తెలివి ఉన్నది. పుట్టికి వచ్చేదాకా అంతా రెట్టింపుల మీదనే నడుస్తున్నది. పది భాగాలు చేయడం చేతికి కష్టం. సగం చేయడం కంటికి సులభం. త్రాసు లేని ఇంట్లో కూడా మానెడు బియ్యాన్ని రెండు సమాన భాగాలు చేయవచ్చును. నేటి గణనయంత్రాలు రెండు అంకెల మీదనే నడుస్తున్నవని విని ఆశ్చర్యపడే పిల్లలకు, వారి ముత్తవ్వ వంటగదిలో రెండ్ల లెక్కే నడిచిందని చెప్పవచ్చును.

కాలానికి కూడా ఇట్లాంటి వరుస ఉన్నది. పగలు రాత్రి కలిపి అరవై గడియలు. గడియకు అరవై విగడియలు. అంటే గడియ 24 నిమిషాలు, విగడియ 24 సెకనులు. అడుగున సన్నని రంధ్రం ఉన్న గిన్నెను నీటి మీద తేలవేస్తే, అది నిండి మునగడానికి పట్టే కాలం గడియ. గిన్నె పోయినది, గడియ పోయినది, గాని చేతికి కట్టుకొనే యంత్రాన్ని ఇప్పటికీ 'గడియారం' అనే అంటున్నాము.

పొడవుకు మన శరీరమే కొలబద్ద. బెత్తె, జాన, మూర, బార, నిలువు. అంబర్‌పేటలో గాని, ఉప్పల్ కూడలిలో గాని సాయంత్రం పూట పూలు కొనేవారికి మూర అంటే ఏమిటో వివరించనక్కరలేదు. మోచేతి నుండి వ్రేళ్ళ కొస దాకా మాల సాగదీసి ఇచ్చినది మూర. ఆ మోచేయి అమ్మేవారిదే గాని కొనేవారిది కాదు. పొడగరి అమ్మితే మూర పెద్దది, పొట్టివారు అమ్మితే చిన్నది. పది రూపాయల మల్లెల దగ్గర ఈ భేదాన్ని ఎవరూ పట్టించుకోరు. పొట్టకూటి దగ్గర మాత్రం ఈ భేదమే తగవు అవుతుంది.

గుట్ట కొలత, గీత కొలత

కూలికి గింజలు కొలిచిన రోజులలో ఒకే కుంచంతో రెండు రకాలుగా కొలవవచ్చును. గింజలను అంచు మీదికి గుట్టగా పొంగేటట్లు పోసి కొలవడం ఒకటి. అంచుకు సమంగా కర్రతో గీసి కొలవడం ఒకటి. అప్పు ఇచ్చేటప్పుడు గీత కొలత, తిరిగి పుచ్చుకొనేటప్పుడు గుట్ట కొలత అయితే, కుంచం ఒకటే అయినా ఇచ్చినది ఒకటి, పుచ్చుకొన్నది మరొకటి. ఈ భేదం ఎంతో విద్యార్థి లెక్క కట్టవచ్చును. గింజల గుట్ట శంఖువు ఆకారంలో నిలుస్తుంది. కొలపాత్ర వెడల్పు, ఎత్తు సమానంగా ఉంటే గుట్టలోని గింజలు పాత్రలోని వాటిలో ఇంచుమించు పదవ వంతు. పాత్ర ఎత్తు వెడల్పులో సగమే అయితే గుట్ట వాటా అయిదవ వంతుకు చేరుతుంది. ఒకే ఘనపరిమాణం గల పాత్రను వెడల్పుగా, పొట్టిగా చేయించినవానికి ఎందుకు లాభమో ఇందువల్ల తెలుస్తున్నది. పైకి ఇది క్షేత్రగణితం; లోపల ఒక కుటుంబం పస్తు ఉండడమో, తినడమో ఉన్నది.

మన బజారు మర్యాదలు కొన్ని ఈ అన్యాయానికి విరుగుడుగా పుట్టినవే కావచ్చునని నాకు తోస్తుంది. త్రాసు కాస్త కొనేవారి వైపు వాలితే దానిని 'మొగ్గు' అంటాము. తూకం అయిన తరువాత పైన వేసే గుప్పెడును 'కొసరు' అంటాము. అసలు కంటె కొసరు ముద్దు అని సామెత కూడా ఉన్నది. శాస్త్రపరంగా చూస్తే కొసరు అనేది కొలతలో ఉండగల దోషానికి ముందుగా చెల్లించే పరిహారం. 'నా త్రాసు నూటికి నూరుపాళ్ళు నిజం చెప్పకపోవచ్చును. ఆ నష్టం నీ మీద పడనీయను' అని వర్తకుడు చెప్పకనే చెప్పడం.

కొలతలను రాజ్యం చూడవలెనన్న ఊహ మనకు కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం తూనికల, కొలతల మీద అధికారిని 'పౌతవాధ్యక్షుడు' అని పేర్కొన్నది. కాని ఊరికొక కుంచం ఉన్న దేశం మనది ఒక్కటే కాదు. ఫ్రాన్సులో కూడా పద్ధెనిమిదవ శతాబ్దంలో పట్టణానికొక కొలత, జమీందారుకొక కొలత ఉండేది. 1789లో ప్రజలు రాజుకు వ్రాసుకొన్న విజ్ఞాపనలలో, దేశమంతటికీ ఒకే తూనిక, ఒకే కొలత కావలెనన్న కోరిక మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. మీటరు ఆ కోరికకు వచ్చిన జవాబు. ఏ రాజు మోచేయీ కొలబద్ద కాకూడదని, భూమినే కొలబద్దగా తీసుకొన్నారు. ఉత్తర ధ్రువం నుండి భూమధ్యరేఖ వరకు ఉన్న దూరంలో కోటియవ వంతు మీటరు అని 1791లో నిశ్చయించి, 1792 నుండి దెలాంబ్ర్, మెషేన్ అనే ఇద్దరు ఖగోళజ్ఞులు డంకర్క్ నుండి బార్సిలోనా వరకు కొలిచినారు. 1799లో ప్లాటినం కడ్డీ తయారయినది. వారి కొలతలో చిన్న లోపం వచ్చినది. నిజమైన కోటియవ వంతు కంటె ఆ మీటరు ఇంచుమించు 0.2 మిల్లీమీటరు కురచ. అయినా దానినే ఉంచుకొన్నారు. అందరూ ఒప్పుకొన్న తరువాత ఒట్టు ఒట్టే గదా!

రెండు మణుగులు

మన తెలుగుదేశంలో ఈ సంగతి ఇంకా చక్కగా కనబడుతుంది. మద్రాసు లెక్క ప్రకారం మూడు తులాలు ఒక పలం, నలభై పలాలు ఒక వీశ, ఎనిమిది వీశలు ఒక మణుగు. అంటే మణుగుకు 960 తులాలు. సేర్ల లెక్క ప్రకారం ఎనభై తులాలు ఒక సేరు, నలభై సేర్లు ఒక మణుగు. అంటే 3,200 తులాలు. పాత తులం 11.66 గ్రాములు గనుక మొదటి మణుగు 11.2 కిలోలు, రెండవది 37.3 కిలోలు. పేరు ఒకటే, బరువు మూడు రెట్లకు పైన తేడా! నాణెం సంగతి కూడా అట్లాగే ఉండేది. హైదరాబాదు హాలీ రూపాయలు ఏడింటికి ఇంగ్లీషు కల్దారు రూపాయలు ఆరు. పేరు విని సంఖ్య రాసుకొంటే చాలదు, ఎవరి ప్రమాణమో అడగవలెనని ఆనాటి చిల్లరకొట్టు గుమాస్తాకు కూడా తెలుసు.

1956 నవంబరు 1న ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలు ఒక రాష్ట్రంగా ఏర్పడినవి. ఆ సంవత్సరమే పార్లమెంటు తూనికల, కొలతల ప్రమాణాల చట్టం చేసినది. 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి నూరు నయా పైసలు వచ్చినవి; 1958 అక్టోబరు నుండి కిలోగ్రాము అంచెలంచెలుగా బజారుకు వచ్చినది. పదహారణాల లెక్క, మణుగుల లెక్క రెండూ క్రమంగా వెళ్ళిపోయినవి. 2014లో తెలంగాణ వేరు రాష్ట్రమైనది. ఎల్లలు రెండుసార్లు మారినా కిలోగ్రాము మారలేదు. నేడు ఉప్పల్‌లో కొన్న కిలో కందిపప్పు, కాకినాడలో కొన్న కిలో కందిపప్పు సమానం. ఇంత సామాన్యమైన సంగతి ఒకనాడు సామాన్యం కాదు.

అయినా ఒక చోట పాత చిక్కు మిగిలినది. బంగారం దగ్గర ఇప్పుడు తులం అంటే పది గ్రాములుగా చెప్పుకొంటున్నారు. పాత తులం 11.66 గ్రాములు. పెండ్లి మాటలలో పది తులాలు పెడతామన్నప్పుడు ఏ తులమో చెప్పుకోకపోతే, ఇరుపక్షాల నడుమ పదహారు గ్రాములకు పైగా తేడా నిలుస్తుంది. ప్రమాణం అనే మాటకు ఉన్న రెండు అర్థాలూ, ఒట్టూ కొలతా, అక్కడ ఒకేసారి చెడిపోతవి.

గొలుసు, గుంట, గజం

ఇక మన తూర్పు హైదరాబాదుకే వద్దాము. అంబర్‌పేట నుండి రామంతాపూర్ మీదుగా ఉప్పల్ చేరితే, అక్కడ భారత సర్వే శాఖవారి శిక్షణ సంస్థ ఉన్నది. అదే ఉప్పల్‌లో పేరుపొందిన క్రికెట్ మైదానమూ ఉన్నది. ఈ రెండింటికీ ఒక చుట్టరికం ఉన్నది. క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు, అంటే 66 అడుగులు. పదిహేడవ శతాబ్దంలో గుంటర్ అనే ఆంగ్లేయుడు భూమి కొలవడానికి చేయించిన గొలుసు పొడవు సరిగా అంతే. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మన రైతు చెప్పే గుంట ఎకరంలో నలభయ్యవ వంతు. అంటే 121 చదరపు గజాలు. అంటే ప్రక్కకు 33 అడుగుల చతురస్రం. అంటే సగం గొలుసు ప్రక్కగా గల చతురస్రం. ఆట చూసే పిల్లవాని కంటికి గుంట ఎంతో ఇప్పుడు చూపవచ్చును: పిచ్ పొడవులో సగం తీసుకొని నాలుగు వైపులా గీయమనండి. ఉప్పల్‌లో నేటికీ ఇంటి స్థలాలు గజాల లెక్కనే అమ్ముతున్నారు. 200 గజాలు అనడంలో ఉన్నది చదరపు గజాలు, అవి 167.2 చదరపు మీటర్లు. పొడవు ప్రమాణాన్నీ వైశాల్య ప్రమాణాన్నీ ఒకే మాటతో పిలవడం వల్ల పిల్లలకు కలిగే గందరగోళాన్ని ఇక్కడే తీర్చవచ్చును. పూర్వం ఇంకొక విచిత్రం ఉండేది: తూమెడు విత్తనాలు పట్టే నేలను తూమెడు చేను అనేవారు. అక్కడ ఘనపరిమాణం పేరు వైశాల్యానికి వచ్చినది. భౌతికశాస్త్రం 'మితులు' అని వేరుగా చెప్పే పాఠం అంతా ఈ చిక్కు విప్పడానికే.

గొలుసు అనగానే విలియం లాంబ్‌టన్ జ్ఞాపకం రాక తప్పదు. 1802లో మద్రాసులో మొదలుపెట్టి, దక్షిణోత్తరంగా ఈ దేశాన్ని కొలిచిన మహాసర్వేకు ఆయన ఆద్యుడు. ఆయనకు సహాయకుడుగా జార్జి ఎవరెస్టు చేరినది హైదరాబాదులోనే, 1818 చివర. నిజాం రాజ్యంలోని బీదరు దగ్గర 1815లో ఒక ఆధారరేఖను నేల మీద కొలిచినారు. ఇట్లాంటి రేఖలకు లాంబ్‌టన్ వాడినది నూరు అడుగుల ఉక్కు గొలుసు. మద్రాసులో ఆయన కొలిచిన రేఖ ఏడున్నర మైళ్ళు. గొలుసును దాదాపు నాలుగు వందల సార్లు పరచవలెను. ఎండకు ఉక్కు సాగుతుంది. పది డిగ్రీల సెల్సియస్ వేడి పెరిగితే నూరు అడుగుల గొలుసు ఇంచుమించు మూడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. అది ఎంత అని తీసివేయరాదు. నాలుగు వందల సార్లు పరిస్తే మీటరున్నర అవుతుంది. అందుకని గొలుసును పెట్టెలలో పరచి, పక్కన ఉష్ణమాపకాలు పెట్టి, ఎండ తగలకుండా గుడారాలు కట్టి, వేడిని బట్టి కొలతను దిద్దుకొన్నారు. తరువాతి కాలంలో ఎవరెస్టు ఇత్తడి, ఇనుము జోడించిన కడ్డీలను తెప్పించినాడు; రెండు లోహాలు వేర్వేరుగా సాగడం వల్ల వాటి మీది గుర్తుల దూరం మారకుండా ఉండేటట్లు అవి చేసినవి. 1841లో బీదరు రేఖను వాటితో మళ్ళీ కొలిచినారు. ఒకసారి కొలిచినదానిని మళ్ళీ కొలవడం వెనకటివారిని అవమానించడం కాదు. శాస్త్రంలో అది వారికి చేసే గౌరవం.

ఏది మారుతుంది, ఏది మారదు

ఉప్పల్ రోడ్డు మీదనే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నది. 1961లో స్థాపించినారు. భూమి ఆకర్షణ ఒక చోట నుండి మరొక చోటికి ఎంత మారుతున్నదో కొలిచి, దానినిబట్టి అడుగున ఉన్న శిలల సంగతి ఊహించడం ఆ శాస్త్రంలో ఒక భాగం. పాఠంలో గురుత్వ త్వరణం సెకను వర్గానికి 9.8 మీటర్లు అని ఒకే సంఖ్య వ్రాస్తాము. భూమధ్యరేఖ దగ్గర అది 9.780, ధ్రువాల దగ్గర 9.832. గెలీలియో పేర 'గాల్' అనే ప్రమాణం ఉన్నది. సెకను వర్గానికి ఒక సెంటీమీటరు. అందులో వెయ్యవ వంతు మిల్లీగాల్. నూరవ వంతు మిల్లీగాల్ తేడాను కూడా పసిగట్టే పరికరాలు ఉన్నవి. అంటే మొత్తం ఆకర్షణలో పది కోట్లలో ఒక వంతు.

ద్రవ్యరాశికీ భారానికీ భేదం చెప్పడానికి దీనికంటె మంచి ఉదాహరణ లేదు. రెండు పళ్ళేల త్రాసు ఎక్కడ తూచినా ఒకే మాట చెబుతుంది. ఎందుకంటే ఒక పళ్ళెంలో సరుకును, రెండవ పళ్ళెంలో రాయిని భూమి సమానంగానే లాగుతున్నది. స్ప్రింగు త్రాసు అట్లా కాదు. భూమధ్యరేఖ దగ్గర 60 కిలోలు చూపిన మనిషిని అదే స్ప్రింగు ధ్రువం దగ్గర ఇంచుమించు 300 గ్రాములు ఎక్కువ చూపుతుంది. మనిషి లావు కాలేదు. నేటి కొట్లలో కనబడే ఎలెక్ట్రానిక్ త్రాసు కూడా లోపల లాగుడునే కొలుస్తుంది. అందుకే దానిని ముద్ర వేసిన రాళ్ళతో సరిచూడడం అవసరం. తూనికల, కొలతల శాఖవారి ముద్ర ప్రభుత్వం చేసే ప్రమాణం: 'ఈ రాయికి మేము సాక్షులము' అని.

అనుమానం కూడా ప్రమాణమే

నాచారం పారిశ్రామిక వాడలో లేతు మీద పనిచేసేవారి పిల్లలు ఈ చుట్టుప్రక్కల పాఠశాలలలో చదువుతున్నారు. ప్రయోగశాలలో వెర్నియర్ కాలిపర్సు పట్టుకొనేటప్పుడు అది పరీక్ష కోసం ఉన్న బొమ్మ అని వారు అనుకోకూడదు. స్కేలు మిల్లీమీటరు వరకు చెప్పగలదు. వెర్నియర్ దానిలో పదవ వంతు. స్క్రూగేజి నూరవ వంతు. దీనిని కనీసపు కొలత అంటారు. తిరిగే ఇరుసు నూరవ వంతు మిల్లీమీటరు లెక్కన బేరింగులో కూర్చోవలసినప్పుడు, స్కేలుతో కొలిచి తెచ్చినవానిని మేస్త్రీ వెనక్కి పంపుతాడు. నూనె కొలిచే ముందు ఖాళీ డబ్బాను త్రాసులో పెట్టి రాయితో సరిచేసుకొనే కొట్టువాడు, స్క్రూగేజి మూసి సున్న ఎక్కడ ఉన్నదో చూసుకొనే విద్యార్థి — ఇద్దరూ చేస్తున్నది ఒకే పని. పరికరం అబద్ధం ఎంత చెబుతుందో ముందే తెలుసుకోవడం.

ఒక పొడవును 5 సెం.మీ. అని వ్రాయడానికీ 5.0 సెం.మీ. అని వ్రాయడానికీ భేదం ఉన్నది. గణితంలో రెండూ సమానం. భౌతికశాస్త్రంలో రెండవవాడు మిల్లీమీటరు దాకా చూసినానని సాక్ష్యం చెబుతున్నాడు. చూడకుండా ఆ సున్న వేస్తే అది దొంగసాక్ష్యం. సార్థక సంఖ్యల పాఠం సారాంశం ఇంతే: నీకు తెలిసినంతవరకే చెప్పు, తెలిసినదంతా చెప్పు. అనుమానం, ప్రమాణం అనే మాటలు ఒకే ధాతువు నుండి పుట్టినవని మొదట చెప్పుకొన్నాము. వాడుక తెలుగులో అనుమానం అంటే సందేహం. ఎంత అనుమానం మిగిలినదో చెప్పలేని కొలతను శాస్త్రం ప్రమాణంగా తీసుకోదు.

కాంతి నడక

ఉప్పల్ ఎంత దూరం అని బస్సులో అడిగితే 'అరగంట' అని జవాబు వస్తుంది. దూరం అడిగితే కాలం చెబుతారేమిటని పిల్లలు నవ్వుతారు. మన పల్లెలలో కూడా జాము నడక, పూట ప్రయాణం అని దూరాన్ని కాలంతో చెప్పడం మామూలు. నవ్వవలసిన పని లేదు; 1983 నుండి మీటరు నిర్వచనం సరిగా ఈ పద్ధతిదే. శూన్యంలో కాంతి ఒక సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో నడిచే దూరం మీటరు. బస్సు వేగం రద్దీనిబట్టి మారుతుంది, బాటసారి వేగం వయస్సునుబట్టి మారుతుంది, కాంతి వేగం ఎవరికోసమూ మారదు. భేదమంతా నడిచేవారిలో ఉన్నది గాని పద్ధతిలో లేదు. సెకనుకు కూడా 1967 నుండి నీటిగిన్నె బదులు సీసియం పరమాణువు ఆధారం. దాని కాంతి 9,19,26,31,770 సార్లు కంపించే కాలం ఒక సెకను.

చాలాకాలం మనిషి చేతి వస్తువుగా మిగిలినది కిలోగ్రాము ఒక్కటే. పారిస్ దగ్గర భద్రపరచిన ప్లాటినం-ఇరిడియం దిమ్మెను 1889 నుండి లోకమంతటికీ కిలోగ్రాముగా ఎంచినారు. దాని ప్రతులలో 57వది మన దేశానిది. న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉన్నది. నూరేండ్లలో అసలుకూ ప్రతులకూ నడుమ సుమారు 50 మైక్రోగ్రాముల తేడా కనబడినది. అసలు తరిగినదా, ప్రతులు పెరిగినవా? అసలే ప్రమాణం అయినప్పుడు అది తప్పు అనడానికి మరొక ప్రమాణం ఏది? 2018 నవంబరు 16న దేశాలు సమావేశమై దిమ్మెకు విశ్రాంతి ఇచ్చినవి. 2019 మే 20 నుండి ప్లాంక్ స్థిరాంకానికి ఒక నియత సంఖ్యను కట్టడి చేసి, దానినుండి కిలోగ్రామును రాబడుతున్నారు. ఇప్పుడు కిలోగ్రాము ఏ పెట్టెలోనూ తాళం వేసి లేదు. తగిన పరికరమూ, విద్యా ఉన్న ఏ దేశంవారైనా దానిని తమ ఊళ్ళోనే చూసుకోవచ్చును. కుంచం జమీందారు గాదెలో ఉన్న కాలం నుండి ఇక్కడికి వచ్చినాము.

అర మార్కు

ప్రమాణం వ్రాయని జవాబుకు ఉపాధ్యాయుడు అర మార్కు తీసివేస్తాడు. విద్యార్థికి అది పీనాసితనంగా కనబడుతుంది. 1983 జూలై 23న కెనడాలో ఒక పెద్ద ప్రయాణికుల విమానానికి 22,300 కిలోల ఇంధనం కావలసి ఉండగా, మార్పిడిలో పౌనులకు, కిలోలకు పొరపాటు జరిగి సగానికన్న తక్కువ పోసినారు. ఆకాశంలో ఇంజన్లు రెండూ ఆగిపోయినవి. పైలట్ల నేర్పు వల్ల గిమ్లీ అనే ఊరి దగ్గర పాత విమానాశ్రయంలో దిగి అందరూ బ్రతికినారు. 1999 సెప్టెంబరు 23న అంగారకుని చుట్టూ తిరగవలసిన అమెరికా వ్యోమనౌక నశించినది; ఒక జట్టు పౌనులలో ఇచ్చిన సంఖ్యను మరొక జట్టు న్యూటన్లుగా తీసుకొన్నది. సంఖ్యలు రెండుచోట్లా ఉన్నవి. ఎవరి ప్రమాణమో అడిగినవారు లేరు. అంత దూరం పోనక్కరలేదు. పసిపిల్లకు మందు సీసా మీద మిల్లీలీటర్లలో వ్రాసి ఉండగా వంటింటి చెంచాతో పోసే తల్లి మన ఇళ్ళలోనే ఉన్నది. చెంచాలు అన్నీ ఒక్కటి కావు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఈ అధ్యాయం మొదలుపెట్టే రోజున పట్టిక కాస్త ఆగనీయండి. తరగతిలోని బల్లను పిల్లలందరిచేత వారి వారి జానలతో కొలిపించండి. వచ్చిన సంఖ్యలన్నీ నల్లబల్ల మీద వ్రాయండి. ఎవరిది నిజం అని అడగండి. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అయినా ఎవరి మాటా ఇంకొకరికి పనికిరాలేదు అన్న సంగతి వారంతట వారికే తోస్తుంది. తరువాత ఇండ్లలో అటకల మీద మిగిలిన సోల, తవ్వ, మానిక ఏదైనా ఉంటే తెప్పించి, నీరు పోసి, కొలజాడీతో మిల్లీలీటర్లలో కొలవమనండి. రెండు సోలలు సరిగా ఒక తవ్వ అవుతున్నదో లేదో వారే తేల్చుకొంటారు. అవ్వను అడిగి పాత కొలతల పేర్లు వ్రాసుకొని వస్తే తెలుగు మాస్టరుకు ఒక పాఠం, సైన్సు మాస్టరుకు ఒక పాఠం సిద్ధమవుతవి.

విద్యార్థులకు చెప్పవలసినది ఒక్కటే. జవాబు చివర మీరు వ్రాసే ఆ చిన్న అక్షరాలు, మీ., కి.గ్రా., సె., అలంకారానికి కాదు. ఇంకొక మనిషి, ఇంకొక ఊళ్ళో, మిమ్ములను ఎన్నడూ చూడకుండానే మీ మాటను నమ్మి దాని మీద వంతెన కట్టడానికి, మందు కలపడానికి, కూలి లెక్క చూసుకోవడానికి అవి ఆధారం. సంఖ్య ఎంతో చెబుతుంది. ప్రమాణం ఆ మాట మీద మీరు నిలబడతారని చెబుతుంది.